ఇరవయ్యో ఎక్కం

యాదలక్ష్మి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆమెకు తెలిస్తే ఒప్పుకోదు కూడా. "నీకు వేరే పనేం లేదా టీచరమ్మా" అని మొహం మీదే అంటుంది. అయినా రాస్తున్నాను. ఈ కథలో తప్పు చేసింది నేను, దిద్దింది ఆమె. నేను నోరు మూసుకుని కూర్చుంటే ఆమె చేసిన పని ఎవరికీ తెలియకుండా పోతుంది.

నా పేరు శేషారత్నం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లే రోడ్డు వెనకవైపు బస్తీలో ఉన్న సర్కారు ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి టీచర్ని. మా ఆవరణలోనే, నీళ్ల ట్యాంకు పక్కన, ఒకే ఒక్క గదిలో అంగన్‌వాడీ. ఆ గదికి ఇరవై రెండేళ్లుగా మహారాణి యాదలక్ష్మి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. అక్కడ చిన్నపిల్లల్ని అన్నానికి పిలిస్తే ఇక్కడ నా క్లాసులో పిల్లలు కూడా పలకలు పడేసి లేచి నిలబడతారు. దాని మీద మేమిద్దరం పోట్లాడుకోని నెల లేదు.

అంగన్‌వాడీలో నెలనెలా పిల్లల్ని తూకం వేస్తారు. అది అన్నిచోట్లా ఉన్నదే. యాదలక్ష్మి మాత్రం పిల్లల్ని తీసుకొచ్చిన పెద్దవాళ్లను కూడా వదలదు. గర్భిణుల కోసం ఇచ్చిన మెషిను చూపించి "పిల్ల సంగతి తర్వాత. ముందు చెప్పులిడిచి నువ్వెక్కు" అంటుంది. తల్లయినా సరే, ముసలి అమ్మమ్మయినా సరే, ముందురోజు తాగిన కళ్లతో వచ్చిన తండ్రయినా సరే. ఆ బరువులన్నీ రిజిస్టరు చివరి పేజీల్లో పెన్సిలుతో రాసుకుంటుంది. ఒకసారి తనిఖీకి వచ్చిన మేడమ్ ఇదేం పిచ్చిరాతలని కేకలేసింది. "పిల్లను సాకేటోళ్లు ఎండిపోతుంటే పిల్ల ఎట్ల నిండుతది మేడమ్?" అని యాదలక్ష్మి ఎదురడిగింది. మేడమ్ టీ తాగి వెళ్లిపోయింది. నాకు మాత్రం అప్పట్లో ఇదంతా అతిగా అనిపించేది.

సోమమ్మ సంగతి ఆ పెన్సిలు రాతల్లోనే బయటపడింది.

సోమమ్మది నల్గొండ దగ్గర పల్లె, ఉండేది ఇక్కడ కొడుకింట్లో. కొడుకు బాల్‌రాజ్ డీసీఎం వ్యాను నడుపుతాడు. అతని బతుకంతా విజయవాడ రోడ్డు మీదే, ఇంట్లో ఉండేది వారానికి ఒక్కరోజు. కోడలు అంబిక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో ఫాల్స్ కుట్టేది. వాళ్ల కూతురు శృతి నా క్లాసులోనే చదువుతోంది. పిల్ల అంగన్‌వాడీ దాటినా నాయినమ్మను నెలనెలా తూకానికి రమ్మనడం యాదలక్ష్మి మానలేదు. జూన్ చివర్లో అంబికకు జ్వరం వచ్చింది. నాలుగో రోజు స్పృహ తప్పితే ఎత్తుకుని ఆటోలో వేసి దవాఖానకు తీసుకుపోయారు. ఆమె చెప్పులు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి. అప్పుడు శృతి బడిలో ఉంది. అంబిక మళ్లీ ఇల్లు చూడలేదు. దవాఖాన నుంచి అటునుంచటే పల్లెకు తీసుకెళ్లి కార్యం ముగించారు. ఆ మూడు రోజులూ పిల్లను పక్కింట్లో ఉంచారు.

"అమ్మ ఊరికి పోయింది బిడ్డా. పానం బాగైనంక బస్సెక్కి వస్తది" అని బాల్‌రాజ్ కూతురికి చెప్పాడు. పసిదానికి చావు మాట చెప్పకూడదని అతని నమ్మకం. చెబితే గుండె పగులుతుందని భయం. తన తల్లి సోమమ్మ నోరు జారుతుందేమోనని ఆమె చేయి తన తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాడు. బస్తీ మొత్తం ఆ మాటకు కట్టుబడింది. ఇస్త్రీ బండి అతను, కిరాణా కొట్టు ఆమె, అందరూ "ఊరికి పోయింది, వస్తది" అనేవాళ్లే. చెప్పులు గుమ్మం దగ్గర అలాగే ఉంచారు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? శృతి మాట్లాడడం తగ్గించేసింది. పెన్సిలు చివర కొరుక్కుంటూ కూర్చునేది. కానీ ఇంటర్వెల్‌లో నా టేబుల్ దగ్గరకొచ్చి ఒకే ప్రశ్న అడిగేది: "టీచర్, మా అమ్మ ఎప్పుడొస్తది?" నాకు విసుగు, జాలి రెండూ కలిసి వచ్చేవి. ఒకరోజు "నువ్వు ఇరవయ్యో ఎక్కం దాకా తప్పు లేకుండా అప్పజెప్పే రోజుకి వచ్చేస్తుందమ్మా" అన్నాను. అప్పటికి ఆ పిల్లకు మూడో ఎక్కమే తిన్నగా రాదు. ఇంకో ఏడాది పడుతుంది, ఈలోగా మరిచిపోతుంది అనుకున్నాను. పిల్లలు మరిచిపోతారని మనం ఎంత తేలిగ్గా అనేసుకుంటామో!

శృతి ఎక్కాల మీద పడింది. వారానికొకటి, ఒక్కోసారి రెండు. హెడ్మాస్టరు రామారావుగారు నన్ను మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను. యాదలక్ష్మి మాత్రం ఒకరోజు రిజిస్టరు పట్టుకుని వచ్చింది. "సోమమ్మ పెద్దమ్మ నాలుగు నెలల్ల ఏడు కిలోలు తగ్గింది. పిల్ల ముంగట ఏడ్వద్దని లోపల్లోపల్నే కుములుతున్నది. గీ అబద్ధం ఆపాలె టీచరమ్మా" అంది. "అది వాళ్లింటి విషయం. నీ తూకాలు నువ్వు చూసుకో" అన్నాను నేను. ఆమె రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

అక్టోబరు చివర్లో ఒక శుక్రవారం శృతి ఇరవయ్యో ఎక్కం చెప్పింది. చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, "ఇరవై పదులు రెండు వందలు" దాకా ఒక్క తడబాటు లేదు. క్లాసు చేత చప్పట్లు కొట్టించి ఒక కొత్త పెన్ను ఇచ్చాను. పిల్ల నవ్వలేదు. బీరువాలో పుస్తకాలు సర్దుకుంటుంటే నా వెనక నిలబడి "రేపేనా టీచర్?" అంది. ఏమిటి రేపు అని కూడా ఆలోచించలేదు. "ఆఁ, ఆఁ" అన్నాను. పిల్ల మరిచిపోతుందనుకున్నాను కదా, మరిచిపోయింది నేను.

మర్నాడు శనివారం హాజరు పిలిస్తే శృతి పలకలేదు. జ్వరమేమో అనుకున్నాను. పదిన్నర ఇంటర్వెల్‌లో పిల్ల ఎక్కడా కనబడలేదని యాదలక్ష్మి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"శృతి ఏది?"

"రాలేదు."

"రాలేదా? సోమమ్మ పెద్దమ్మ గిప్పుడే తూకానికి వచ్చింది. ఎనిమిదింటికే బ్యాగేసుకొని బడికి పోయిందంటున్నది!"

ఆమె వెనకే సోమమ్మ పరుగెత్తుకొచ్చింది. మెషిను మీద నిలబడ్డ మనిషి, యాదలక్ష్మి గొంతు అక్కడికే వినిపించి, అట్లాగే దిగి వచ్చేసింది. "నా బిడ్డ యాడ పోయింది? టీచరమ్మా, నా బిడ్డేది?" అని నా రెండు భుజాలూ పట్టుకుని ఊపింది. ఎనిమిదేళ్ల పిల్ల, రెండున్నర గంటల నుంచి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. బస్తీ దాటితే ఆ మెయిన్ రోడ్డు. పెద్దవాళ్లమే దాన్ని దాటాలంటే దేవుణ్ణి తలుచుకుంటాం.

నాకు ఆ క్షణంలోనే "రేపేనా టీచర్" అన్న మాట గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చినా నోరు విప్పలేదు. భయమో, సిగ్గో, ఉద్యోగమో, ఏదైనా అనుకోండి. రామారావుగారు పోలీసులకు ఫోన్ చేశారు. పిల్ల, తల్లి పనిచేసిన దుకాణానికి వెళ్లి ఉంటుందని సోమమ్మ ఏడుస్తూ అంది. సరే పదండి అన్నాను. ముగ్గురం ఆటో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాం.

శనివారం జనం. దుకాణం ముందు ఆటో ఆగేసరికి పదకొండు దాటింది. దుకాణం ఓనరు తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా, పిల్ల ఇటు రాలే." చుట్టుపక్కల నాలుగు దుకాణాల్లో అడిగాం. పక్క సందులో కోచింగ్ సెంటరు మెట్ల మీద కూడా చూశాం. సోమమ్మ రోడ్డు పక్కనే కూలబడిపోయింది. యాదలక్ష్మి నా మొహంలోకి చూసింది.

"నీకేమన్న ఎరుకనా? నిజం చెప్పు."

ఇన్నేళ్లలో ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. చెప్పేశాను. ఎక్కాల సంగతి, నిన్నటి సంగతి, అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆమె నన్ను వదిలేసి సోమమ్మ వైపు వంగింది.

"పెద్దమ్మా, మీ ఊరి బస్సు యాడ ఆగుతది?"

"ఎల్బీ నగర్‌ల."

"లెవ్వు."

ఆటో అయితే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామని మెట్రో ఎక్కాం. సోమమ్మ ఎప్పుడూ కదిలే మెట్లు ఎక్కలేదు. అంచున ఆగిపోతే యాదలక్ష్మి నడుం చుట్టూ చెయ్యేసి ఎత్తి మెట్టు మీద నిలబెట్టింది. ఉన్నవి మూడు స్టేషన్లే. ఆ కాసేపట్లో నేను ఎన్ని చూశానో మీకు చెప్పలేను. లారీ చక్రాలు చూశాను, ఎవరి చెయ్యో పట్టుకుని పోతున్న పిల్లను చూశాను, పేపర్లో ఫోటో చూశాను. నలభై నిమిషాలు నా పరువు కోసం వృథా చేశాను. దుకాణం దగ్గర కాదు, బడి దగ్గరే నోరు విప్పాల్సింది.

ఎల్బీ నగర్‌లో దిగి నల్గొండ బస్సులు ఎక్కే చోటుకు పరుగెత్తాం. సంచులు, మూటలు, చంటిపిల్లలు, బస్సు ఆగకముందే తలుపుకు వేలాడే జనం. ప్రతి కిటికీలోకి తొంగిచూశాం. నీళ్ల సీసాలు అమ్మే అతను సోమమ్మ ఏడుపు చూసి దగ్గరకొచ్చాడు. "స్కూల్ డ్రెస్సు పిల్లనా? పొద్దుగాల అడిగింది, నల్గొండ బస్సు యాడ అని. మల్ల సూడలే."

సోమమ్మ గుండెలు బాదుకుంది. "ఎక్కింది! బస్సెక్కి పోయింది నా తల్లి!" నేను ఫోన్ తీసి డిపో నంబరు కోసం వెతుకుతున్నాను. యాదలక్ష్మి కదలకుండా నిలబడి రోడ్డు అవతలకు చూస్తోంది.

"పిల్ల పోనీకి రాలే. అమ్మను తోల్కపోనీకి వచ్చింది" అంది. "ఎక్కెటోళ్ల తాన కాదు, దిగెటోళ్ల తాన సూడాలె."

రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లాం. అక్కడ, ఫ్లైఓవర్ స్తంభం పక్కన ఎత్తు మీద, ఒళ్లో బడి బ్యాగు పెట్టుకుని శృతి కూర్చుంది. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చేసింది. పరుగెత్తబోతే యాదలక్ష్మి చెయ్యి పట్టుకుని ఆపింది. అప్పుడే బస్సు ఒకటి వచ్చింది. పిల్ల లేచి తలుపు దగ్గరికి వెళ్లి, దిగుతున్న ఆడవాళ్ల మొహాలు కాదు, ముందు కాళ్లు చూస్తోంది. అందరూ దిగిపోయారు. మళ్లీ వచ్చి తన చోట కూర్చుంది.

సోమమ్మ వెళ్లి వాటేసుకుంది. పిల్ల విడిపించుకుంది. "ఇంకొక్క బస్సు సూసి పోదాం నాయినమ్మా. ఎక్కాలన్ని చెప్పిన. ఇయ్యాల్నే వస్తది."

"చల్ బిడ్డా, ఇంటికి పోదాం. రేపొస్తది."

"పెద్దమ్మా!" యాదలక్ష్మి గొంతుకు పక్కనున్న పల్లీల బండివాడు కూడా తిరిగి చూశాడు. "ఇంగ రేపు అనకు. రేపు మళ్ల గీడికే వస్తది. ఎల్లుండి గూడ వస్తది. ఎన్నిదినాలు ఈ రోడ్డు దాటిస్తవ్ దీన్ని?"

సోమమ్మ ఆమెను పక్కకు లాగింది. "నా కొడుకు తలమీద ఒట్టేసిన యాదమ్మా. వాడు బండి మీదుంటడు రాత్రిపగలు. ఒట్టు తప్పితే వానికేమన్న అయితే? కోడలు పాయె, వాడు గూడ..."

ఒట్లు, శాపాలు అన్నీ మూఢనమ్మకాలని నేను మొదలుపెట్టబోయాను. యాదలక్ష్మి కళ్లతోనే నా నోరు మూయించింది. సోమమ్మ చేతిలోని ఫోన్ తీసుకుని బాల్‌రాజ్‌కు కలిపి, స్పీకరు పెట్టింది.

"తమ్మీ, పిల్ల మా తాననే ఉన్నది, మంచిగుంది. ముందు బండి పక్కకు ఆపు." ఆగిందన్నాక జరిగిందంతా చెప్పింది. "గిప్పుడు చెప్పాలె. ఒట్టు తియ్యి."

"వద్దక్కా! చిన్నపిల్ల, తట్టుకోదు. జర పెద్దగైనంక చెప్దాం" అన్నాడతను. ఏడుస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

"పెద్దగైనంక ఎట్లుంటదో నేను చెప్త ఇను. నాకు ఏడేండ్లప్పుడు మా నాయిన బొంబాయి పనికి పోయిండన్నరు. పండుగకు వస్తడన్నరు, గౌను తెస్తడన్నరు. పదేండ్లు సూసిన తమ్మీ. నేను మంచిదాన్ని కానని రాలేదనుకున్న. ఆఖరికి నా లగ్గం పత్రిక మీద మా నాయిన పేరు ముంగట కీర్తిశేషులు అని అచ్చేసినరు. గట్ల ఎరుకైంది నాకు. ఆ పత్రిక పట్టుకొని మా అమ్మను ఏమన్ననో, గది ఇప్పటికీ నా నోట్లనే ఉన్నది."

ఇన్నేళ్లు ఒకే ఆవరణలో పనిచేశాం. ఈ మాట నేను ఎప్పుడూ వినలేదు. అడగనూ లేదు.

ఫోన్‌లో లారీల చప్పుడు మధ్య అతను ముక్కు చీదడం వినిపించింది. తర్వాత బాల్‌రాజ్ అన్నాడు: "అమ్మా. ఒట్టు తీసేస్తున్న. నాకేం గాదు. చెప్పు దానికి. నేను వస్తున్న."

 యాదలక్ష్మి సోమమ్మకు నీళ్లు తాగించి చెవి దగ్గర చెప్పింది. "నిద్రపోయింది అనకు, దేవుని తానకు పోయింది అనకు. మళ్ల ఎదురుసూస్తది. సచ్చిపోయింది అను. నీకు ఏడుపొస్తే ఏడ్వు, ఆపకు."

సోమమ్మ నేల మీద కూర్చుని పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. "బిడ్డా, మీ అమ్మ సచ్చిపోయింది. జ్వరమొచ్చి దవాఖానల సచ్చిపోయింది. ఇంగ రాదు. నేను నీకు అబద్ధం చెప్పిన." అంతే, నాలుగు నెలలు మింగిన ఏడుపంతా బయటికి వచ్చింది. జనం ఆగి చూస్తున్నారు. యాదలక్ష్మి కొంగు నడుముకు చుట్టి "ఏం తమాషా గాదు, పోండ్రి" అని అందర్నీ తోలేసింది.

శృతి ఏడవలేదు. నా వైపు చూసింది.

"నేను ఏ ఎక్కంల తప్పు చెప్పిన టీచర్?"

జీవితంలో నన్ను ఎవరూ అంత గట్టిగా కొట్టలేదు. మోకాళ్ల మీద కూర్చున్నాను. "ఒక్కటి కూడా తప్పు చెప్పలేదమ్మా. నేనే నీతో అబద్ధం చెప్పాను. నువ్వు ఎక్కాలు చెప్పినా చెప్పకపోయినా అమ్మ రాలేదు. చనిపోయినవాళ్లు రాలేరు. నీ తప్పేం లేదు."

పిల్ల నమ్మిందో లేదో తెలియదు. తల దించుకుంది. అప్పుడే సోమమ్మ కాళ్లు దాని కళ్లబడ్డాయి. నేనూ అప్పుడే చూశాను. తూకం మెషిను ఎక్కడానికి చెప్పులు విడిచిన మనిషి, అలాగే పరుగెత్తుకొచ్చి, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ అంతా ఉత్తకాళ్లతో తిరిగింది. మడమ చీరుకుని రక్తం ఎండిపోయింది.

శృతి బ్యాగు జిప్పు లాగింది. పుస్తకాల మధ్య నుంచి ఒక కవరు తీసింది. అందులో అంబిక చెప్పులు ఉన్నాయి. ఊరినుంచి అమ్మ ఉత్తకాళ్లతో దిగుతుందని పొద్దున్నే గుమ్మం దగ్గర నుంచి తెచ్చుకుంది. వాటిని నాయినమ్మ కాళ్ల ముందు పెట్టింది.

"తొడుక్కో నాయినమ్మా. కాళ్లు కాలుతయి" అంది. అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రం బాల్‌రాజ్ వచ్చాడు. తర్వాతి వారం యాదలక్ష్మి ముగ్గురినీ వెంటబెట్టుకుని సర్కారు దవాఖానలో పిల్లల మనసు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. నెలకు రెండుసార్లు ఇప్పటికీ వెళ్తున్నారు. సోమమ్మ బరువు రెండు కిలోలు పెరిగింది. అది కూడా పెన్సిలుతోనే రాసి ఉంది.

నా శిక్ష వేరేగా నడిచింది. సోమవారం నుంచి శృతి రోజూ హాజరు అయ్యాక నా టేబుల్ దగ్గరకొచ్చి "మా అమ్మ రాదు గదా టీచర్?" అని అడిగేది. మొదటి రోజు పరుగెత్తి వెళ్లి యాదలక్ష్మిని అడిగాను, ఏం చెప్పమంటావని. ఆమె పప్పు కలుపుతూ తలెత్తకుండానే చెప్పింది. "ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు గదే జవాబు. ఇసుక్కోకుండ చెప్పు టీచరమ్మా." అప్పటి నుంచి రోజూ చెప్పాను. రాదమ్మా. రాదమ్మా. ఇన్నేళ్ల సర్వీసులో అంత కష్టమైన పాఠం చెప్పలేదు.

జనవరిలో ఒకరోజు హాజరు అయిపోయింది, శృతి నా టేబుల్ దగ్గరకు రాలేదు. తన చోట కూర్చుని పుస్తకం తెరుచుకుంటోంది. నాకు గాభరా వేసింది. నేనే దాని దగ్గరికి వెళ్లాను.

"ఇవాళ అడగవా అమ్మా?"

"నాకెరుక టీచర్. అమ్మ రాదని ఆ దినమే ఎరుక" అంది పిల్ల. "మీరు నిజం చెప్తరా లేదా అని అడిగిన."